నీ కింద గుర్రం ఉందా?

పోయిన వేసవిలో నేను గుర్రం మీద కూర్చున్న ఫొటో ఒకటి మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాలు కాకముందే మా బాబాయ్ జవాబు వచ్చింది: "ఏరా, నీ కింద గుర్రం ఉందా? ఎక్కడా కనబడదే!" ఆ వెనకే అత్తయ్య, ఇద్దరు బావలు వరసగా నవ్వే బొమ్మలు పెట్టారు. మా చెల్లెలు ఒక్కతే కాస్త దయగా, "పాపం అన్నయ్యా, దాని నడుం విరగదూ?" అని అడిగింది.

నవ్వడంలో వాళ్ల తప్పేం లేదు. నేను ఆరడుగుల మనిషిని. బళ్లో నా పేరు కొబ్బరిచెట్టు. ఫొటోలో ఉన్నది ఐస్‌లాండ్ గుర్రం. నా పాదాలు దాని పొట్ట అంచు దాటి కిందికి వేలాడుతున్నాయి. సినిమాలో హీరో దూకి ఎక్కే గుర్రం, మలక్‌పేట రేసుల్లో పరిగెత్తే గుర్రం మన కళ్లకి అలవాటు. వాటి పక్కన నిలబెడితే ఇది వాటి భుజం దాకా వస్తుందేమో.

చెల్లెలికి ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పేద్దామని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడాను. పొడుగు మనిషికి పొడుగు గుర్రమే కావాలన్నది గుర్రాల గురించిన నిజం కాదని, ఒక ప్రాంతపు అలవాటు మాత్రమేనని నా వాదన. ఆ అలవాటుని నేనూ రెండేళ్లు కళ్లు మూసుకుని నమ్మాను కాబట్టి, దాని మీద కాస్త కోపం కూడా ఉంది.

ముందు కొలత సంగతి. గుర్రం ఎత్తుని తల దాకా కొలవరు. తల ఎత్తుతుంది, దించుతుంది, దాన్ని నమ్ముకోలేం. మెడ వచ్చి వీపులో కలిసే చోట మూపు ఉంటుంది, అక్కడికి కొలుస్తారు. ఇంగ్లీషువాళ్ల కొలమానం హ్యాండ్, అంటే నాలుగు అంగుళాలు. మన బెత్తెడుకి బొటనవేలు కూడా కలిపితే దాదాపు అంతే వస్తుంది. కాబట్టి ఇక్కడ నేను బెత్తెలు అనే రాస్తాను. 14.2 అంటే పద్నాలుగు బెత్తెల మీద రెండు అంగుళాలు. అది దశాంశం కాదు, 14.4 అని ఎవరూ రాయరు, అది 15 అయిపోతుంది. పాశ్చాత్య పోటీల్లో ఈ 14.2 దగ్గరే గీత గీశారు. దాటితే గుర్రం, దాటకపోతే పోనీ. మనం తట్టు గుర్రం అనేది.

ఆ గీత పెట్టి ప్రపంచాన్ని కొలిస్తే తమాషాగా ఉంటుంది. హంగరీ దాకా వెళ్లిన మంగోలు సైన్యాలు ఎక్కినవి పోనీలు. సమురాయ్‌లు ఎక్కినవీ పోనీలే. మొఘలుల్ని ముప్పుతిప్పలు పెట్టిన మరాఠా రౌతుల గుర్రాల్లో కూడా చాలావాటికి 'గుర్రం' అనిపించుకునే అర్హత ఉండదు. అరబ్బీ గుర్రాల్లో కొన్ని ఆ గీత కిందికే వస్తాయి, కానీ వాటిని పోనీ అనే ధైర్యం ఎవరికీ లేదు, ఎంత ఎత్తున్నా గుర్రమే అంటారు. అంటే గీత గీసినవాళ్లకి కూడా దాని మీద పూర్తి నమ్మకం లేదన్నమాట.

నేను ఉద్యోగం పేరుతో ఉంటున్నది జర్మనీలో, హనోవర్ దగ్గర. హనోవర్ అంటే గుర్రాలవాళ్లకి ఊరు పేరు కాదు, జాతి పేరు. ఇంగ్లండు రాజు రెండో జార్జి ఈ ప్రాంతానికి కూడా ప్రభువు కాబట్టి, 1735లో పక్కనే సెల్లె అనే ఊళ్లో ప్రభుత్వ అశ్వశాల పెట్టించాడు. పొలం దున్నడానికి, బండి లాగడానికి, సైన్యానికి, అన్నిటికీ పనికొచ్చే గుర్రం కోసం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ట్రాక్టర్లు వచ్చి ఆ పనులన్నీ పోయాయి. అప్పుడు వాటిలో రేసు గుర్రాల రక్తం ఇంకా కలిపి, ఆటల గుర్రంగా మార్చారు. ఇవాళ్టి హనోవర్ గుర్రం 16 నుంచి 17 బెత్తెల ఎత్తు, దాదాపు 600 కిలోల బరువు.

నేను మొదట చేరిన లాయంలో నాకు ఇచ్చింది అలాంటి ఆడగుర్రాన్నే. ఎక్కడానికి మూడు మెట్ల బల్ల కావాలి. పైన కూర్చుంటే డాబా మీద ఉన్నట్టుంటుంది. నేర్పే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పొడుగు మనిషివి కదా, నీకు దీనికంటే చిన్నది పనికిరాదు అంది. మూడో నెలలో కంచె మీద రెపరెపలాడుతున్న ప్లాస్టిక్ కవరు చూసి అది పక్కకి ఒక్క గెంతు గెంతింది. డాబా మీంచి పడితే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఎడమ భుజం ఇప్పటికీ వాన ముందు చెప్తుంది.

అయినా ఆ గుర్రాన్ని తప్పు పట్టను. ఆ స్వారీ పద్ధతికి అంత గుర్రం నిజంగానే అవసరం. గుర్రం చేత రకరకాల అడుగులు వేయించే డ్రెసాజ్ అనే ఆటలో, అది ట్రాట్ అనే చిన్న పరుగు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణం ఎంత సాగితే అంత అందం, అన్ని మార్కులు. దానికి పొడుగు కాళ్లు కావాలి, వెనక తొడల్లో స్ప్రింగు కావాలి. పైగా అక్కడ రౌతు తన పిక్కలతో గుర్రం పక్కటెముకల మీద మాట్లాడతాడు. కొంచెం నొక్కు, కొంచెం వదులు, కాలు అంగుళం వెనక్కి. పిక్క ఆనడానికి అంత లోతైన పొట్ట ఉండాలి. నాలాంటివాడు చిన్న గుర్రం ఎక్కితే నా పిక్క ఆనేది గాలికి. దూకే పోటీల సంగతీ ఇంతే. ఒలింపిక్స్‌లో అడ్డుకర్రలు 1.65 మీటర్ల దాకా ఉంటాయి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్ట్రోలర్ అనే పోనీ బ్రిటిష్ రౌతు మారియన్ కోక్స్‌కి రజతం తెచ్చిపెట్టింది నిజమే. కానీ అర్ధశతాబ్దం దాటినా దాని పేరే చెప్తున్నామంటే, అది మినహాయింపనేగా.

కాబట్టి నా గొడవ పెద్ద గుర్రంతో కాదు. అదే కొలబద్ద అనుకోవడంతో.

పక్క ఊళ్లో ఐస్‌లాండ్ గుర్రాల లాయం ఒకటి ఉందని తెలిసి, భుజం బాగుపడ్డాక వెళ్లాను. మొదటిరోజు ఎక్కడానికి బల్ల కోసం వెతుకుతుంటే అక్కడి యజమానురాలు నవ్వింది. రికాబులో కాలు పెట్టి మామూలుగా ఎక్కేశాను. జీను నేను అలవాటుపడిన చోటికంటే కాస్త వెనక్కి ఉంది. కాళ్లు చాచి, బరువు పిరుదుల మీదికి తీసుకుని కూర్చోమంది. పిక్కలతో చెప్పేది పెద్దగా లేదు, తొడలతో, కూర్చున్న తీరుతో చెప్పాలి. ఆ తర్వాత దాన్ని టోల్ట్‌లోకి తెచ్చింది. టోల్ట్ ఆ జాతి ప్రత్యేకమైన నడక. వేగం పెరిగినా ఎప్పుడూ ఒక కాలైనా నేల మీద ఉంటుంది. గాల్లోకి లేచే క్షణం లేదు కాబట్టి కుదుపు లేదు. నిండు గ్లాసు చేతిలో పట్టుకుని బొట్టు తొణక్కుండా వెళ్లే పందేలు వాళ్లకి ఉన్నాయి. నేను చేతిలో ఏమీ లేకుండానే వెళ్లాను గానీ, నడుం మాత్రం కదల్లేదు. సాఫ్ట్‌వేర్ నడుం కదా, ఆ తేడా నాకు తెలుస్తుంది.

అది అలా ఎందుకుందో ఆ దీవిని చూస్తే అర్థమవుతుంది. స్కాండినేవియా నుంచి నార్స్ వలసవాళ్లు వెయ్యేళ్ల కిందట చిన్న పడవల్లో తెచ్చుకున్న గుర్రాలవి. ఆ తర్వాత బయటి గుర్రం రాకుండా కట్టడి చేశారు. ఇవాళ్టికీ, పోటీకని దేశం దాటిన గుర్రం మళ్లీ ఐస్‌లాండ్‌లో అడుగు పెట్టకూడదు. 1783లో లాకి అగ్నిపర్వతం పేలినప్పుడు గడ్డి విషమై అక్కడి గుర్రాల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి, గట్టివి మిగిలాయి. బండి నడిచే దారులు అక్కడ చాలాకాలం లేవు. లావా గుట్టలు, చలి ఏరులు దాటి పెద్దమనిషిని ఊరి నుంచి ఊరికి మోసుకెళ్లాలి. అది పిల్లల గుర్రం అన్న ఊహ వాళ్లకి ఏనాడూ రాలేదు. వాళ్ల ముందు పోనీ అని చూడండి, ముఖం ఎలా మారుతుందో!

మంగోలియా లెక్క ఇంకోటి. అక్కడి గుర్రం 12 నుంచి 14 బెత్తెలు. చలికాలమంతా ఆరుబయటే ఉండి, మంచు గిట్టలతో తవ్వి గడ్డి తింటుంది. అంతకంటే పెద్ద ఒంటిని ఆ గడ్డితో పోషించలేం. చెక్క జీను, పొట్టి రికాబులు, దౌడు తీసేటప్పుడు వాటి మీద లేచి నిలబడటం వాళ్ల పద్ధతి. ఒక్కో రౌతు వెంట మూడు నాలుగు గుర్రాలు ఉండేవి, ఒకటి అలిసిపోతే ఇంకోదాని మీదికి మారేవాళ్లు. ఒక్క పెద్ద గుర్రం చేసే పని నాలుగు చిన్న గుర్రాలు పంచుకునేవి.

ఇక చెల్లెలు అడిగిన నడుం సంగతి. గుర్రం తన బరువులో అయిదో వంతు దాకా మోయగలదని స్వారీవాళ్లలో ఒక మోటు లెక్క ఉంది. నేను 70 కిలోలు, జీను సామాన్లు 9 కిలోలు, మొత్తం 79. నా ఐస్‌లాండ్ గుర్రం 380 కిలోలు. అంటే దాదాపు 21 శాతం. అంచు మీద ఉన్నాను, దాచను. హనోవర్ గుర్రం మీదైతే 13 శాతమే. ఇక్కడితో ఆపితే బాబాయే గెలిచినట్టు. కానీ ఆ అయిదో వంతు అన్నిటికీ ఒకేలా పనిచేయదు. 13 బెత్తెల గుర్రాన్ని అదే ఆకారంతో 17 బెత్తెలకి పెంచామనుకోండి. ఎత్తు 30 శాతం పెరిగింది. బరువు మాత్రం రెండింతలు దాటిపోతుంది, ఎందుకంటే పొడవు, వెడల్పు, లోతు మూడూ పెరిగాయి. ఎముక బలం దాని అడ్డుకోతని బట్టి ఉంటుంది, అది పెరిగేది 70 శాతమే. అంటే పెద్ద గుర్రం ముందు తన బరువు తను మోసుకోవడానికే ఎక్కువ ఖర్చుపెడుతుంది. చిన్న గుర్రాల్లో మంచివాటికి వీపు పొట్టిగా, నడుం వెడల్పుగా, మోకాలి కింది ఎముక ఒంటికి మించి లావుగా ఉంటుంది. మోసేది ఆ నడుమూ ఆ ఎముకే. మూపు ఎంత ఎత్తులో ఉందన్నది మోతకి సంబంధించిన ప్రశ్నే కాదు.

ఇది నాకు చిన్నప్పుడే తెలిసి ఉండాల్సింది. తెనాలి స్టేషన్ నుంచి మా ఊరికి జట్కాలో వెళ్లేవాళ్లం. ఒక జట్కా సాయిబు మా తాతయ్యకి స్నేహితుడు. కొత్త తట్టు కొన్నప్పుడల్లా తాతయ్యకి చూపించడానికి మా అరుగు ముందు ఆపేవాడు. తాతయ్య బడిపంతులు, గుర్రాల గురించి తెలిసింది సున్నా, అయినా గంభీరంగా తల ఊపేవాడు. "సుడులు చూడండి పంతులుగారూ, ఒక్క చెడ్డ సుడి లేదు" అనేవాడు సాయిబు. తర్వాత పెదవి ఎత్తి పళ్లు చూపించేవాడు. ఆఖర్న గొంతుక్కూర్చుని ముంగాలు మోకాలి కింద గుప్పిట్లో పట్టుకుని, బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య మిగిలిన సందు మాకు చూపించేవాడు. సందు ఎక్కువుంటే ఆయన ముఖం వెలిగేది. అప్పుడు అదేదో మొక్కు అనుకున్నాను. ఎత్తు గురించి ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అవును, బండి లాగడం వేరు, వీపు మీద మోయడం వేరు. కాలి ఎముక మాత్రం రెంటికీ ఒకటే.

మన నేల మీద ఎత్తైన గుర్రం ఎప్పుడూ డబ్బుపెట్టి ఓడలో తెప్పించుకున్నదే. ఢిల్లీవాళ్లు అశ్వపతులు, ఒడిశావాళ్లు గజపతులు, మనవాళ్లు నరపతులు అనడం ఊరికే రాలేదు. పాండ్య దేశం వచ్చిన మార్కో పోలో, ఇక్కడ మేలు జాతి మగదానికీ పెద్ద ఆడదానికీ పుట్టిన పిల్ల కూడా కాళ్లు వంకరపోయిన అర్భకంగా పుడుతుందని రాసుకున్నాడు. గుర్రాలకి అన్నం, మాంసం వండిపెడుతున్నారని కూడా. తేమ గాలి, వరిగడ్డి, ఉలవ గుగ్గిళ్లతో పెద్ద గుర్రం పెరగదు. విజయనగరం రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. సాళువ నరసింహరాయల గురించి ఆయన రాసినది ఇంకా విచిత్రం. గుర్రాలు బతికున్నా చచ్చినా వెయ్యి పర్దావులకి (అప్పటి బంగారు నాణేలు) మూడు చొప్పున తీసుకునేవాడట. సముద్రంలో చచ్చిపోయినవాటి తోకలు తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే ఇచ్చేవాడట. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మనకి సామెత, ఇక్కడ గుర్రం తోకే అయినా ధరకి తక్కువ లేదు! కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, ఏనుగుల్నీ మంచి గుర్రాల్నీ తెచ్చే దూరదేశపు వర్తకుల్ని దగ్గరికి తీసుకోమని, లేకపోతే అవి శత్రువుల చేతికి పోతాయని చెప్పాడు. తర్వాత ఇంగ్లీషువాళ్లూ దేశవాళీ గుర్రం చాలదని ఆస్ట్రేలియా నుంచి వేలర్లనే గుర్రాల్ని ఓడల్లో దింపారు. రాజుల లాయాల సంగతి అది. భీమా లోయలో పుట్టిన పొట్టి భీంథడీ గుర్రాలు మాత్రం దక్కన్ గుట్టల్లో మరాఠాల్ని మోస్తూనే ఉన్నాయి, ఓడ ఎక్కకుండా.

ఎత్తు ఎలా పెరుగుతుందో కళ్లారా చూడాలంటే పోలో చరిత్ర చూడాలి. ఈ ఆటని ఇంగ్లీషువాళ్లు నేర్చుకున్నది మణిపూరీల దగ్గర. అక్కడ దాని పేరు సగోల్ కాంగ్జై. అక్కడి గుర్రం 11 నుంచి 13 బెత్తెలు, దాని మీద పెద్ద మగవాళ్లే ఆడతారు. 1859లో అస్సాంలోని సిల్చార్‌లో తేయాకు తోటల దొరలు, అధికారులు కలిసి క్లబ్బు పెట్టారు. 1862లో కలకత్తాలో ఇంకోటి. దశాబ్దం తిరక్కుండా ఆట ఇంగ్లండు చేరింది. అక్కడ గుర్రం ఎత్తు మీద హద్దు పెట్టారు, మొదట 14 బెత్తెలు, తర్వాత 14.2. హద్దు ఎందుకు పెట్టాల్సి వచ్చింది? పెద్ద గుర్రం తెచ్చినవాడు గెలుస్తున్నాడు కాబట్టి. మైదానం 300 గజాల పొడవు. బంతిని దూరంగా కొట్టి దాని వెంట పరిగెత్తే ఆటగా అది మారింది, ఎదుటివాడి గుర్రాన్ని భుజంతో నెట్టేయడం కూడా నియమాల్లోనే ఉంది. వేగం, బరువు ఉన్నవాడిదే ఆట. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ హద్దు కూడా ఎత్తేశారు. ఇప్పుడు అర్జెంటీనాలో తయారయ్యే పోలో గుర్రాలు 15 బెత్తెలకి అటూ ఇటూ, రేసు గుర్రం రక్తంతో. విడ్డూరమేంటంటే వాటిని ఇంకా పోలో పోనీ అనే అంటారు. పేరు మణిపూర్‌ది, ఒళ్లు వేరేది.

పోలో మెరుగుపడింది కాబట్టి గుర్రం పెరిగింది అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆట మారింది, దానికి తగ్గ గుర్రం వచ్చింది. ఇంఫాల్‌లో గోల్ కర్రలు లేకుండా, మలుపు మలుపుకీ గుర్రాన్ని చటుక్కున తిప్పుతూ ఏడుగురు ఏడుగురు ఆడే ఆటకి అర్జెంటీనా గుర్రం తిరిగేలోపు బంతి అవతల ఉంటుంది. ఇప్పుడు మణిపూర్‌లో ఆ చిన్న గుర్రాలు సుమారు వెయ్యి మాత్రమే మిగిలాయి. మేసే చిత్తడి నేలలు పోతున్నాయి. ఆట పుట్టిన చోటే గుర్రానికి గడ్డి కరువైంది.

యూరప్ తన సొంత గతాన్ని కూడా పొడుగ్గానే ఊహించుకుంది. మధ్యయుగాల యోధుడి గుర్రం అనగానే మనకి కొండంత గుర్రం గుర్తొస్తుంది. ఈమధ్య ఇంగ్లండు పురావస్తు పరిశోధకులు 171 చోట్ల దొరికిన గుర్రాల ఎముకలు కొలిచి చూస్తే, ఆ కాలపు గుర్రాల్లో చాలావరకు 14.2 లోపే తేలాయి. ఎనిమిదో హెన్రీ రాజు చట్టం చేసి, 15 బెత్తెల కంటే పొట్టి మగగుర్రాల్ని ఊరుమ్మడి బీళ్లలో వదలకూడదన్నాడు. అలా వదిలే పొట్టివి అన్ని ఉంటేనే కదా చట్టం. 1066 యుద్ధాన్ని కుట్టుపనిలో చూపించిన బాయూ వస్త్రంలో నార్మన్ రౌతుల పాదాలు గుర్రాల పొట్ట కిందికి వేలాడుతుంటాయి, అచ్చం నా ఫొటోలాగే. దాన్ని గ్రూపులో పెట్టాను. "వీళ్లకీ దొరకలేదన్నమాట" అన్నాడు బాబాయ్.

ఇంత వాదించాక ఒక మాట ఒప్పుకోకపోతే అన్యాయం అవుతుంది. చిన్న గుర్రం గట్టిది అన్న మాటని అడ్డం పెట్టుకుని దాన్ని చంపేవాళ్లు ఉన్నారు. కేదార్‌నాథ్ దారిలో నేను చూశాను. వంద కిలోలు దాటిన మనిషి, ఒళ్లో సంచి, కింద డొక్కలు లెక్కపెట్టగలిగిన గుర్రం, మోకాళ్ల మీద పుండ్లు. దాన్ని తోలేవాడిని అడిగితే, కొండ గుర్రం కదండీ, దీనికి అలవాటే అన్నాడు. అక్కడ తప్పు ఎత్తుది కాదు. రోజుకి ఎన్నిసార్లు ఎక్కిస్తున్నారు, ఏం పెడుతున్నారు, ఎవరు తూచారు అన్నవాటిది. ఐస్‌లాండ్ గుర్రాలవాళ్లలోనూ, మావి ఎంతైనా మోస్తాయి అని గొప్పలు చెప్పేవాళ్లని చూశాను. బాబాయ్ నవ్వుకంటే ఆ గొప్పలే నాకు ఎక్కువ భయం.

మా లాయంలో మాత్రం తలుపు పక్కనే తూకం యంత్రం ఉంది. సంక్రాంతికి ఊరెళ్లి అరిసెలు, గారెలు తిని వచ్చిన వారం దాని మీద నిలబడితే 74 చూపించింది. యజమానురాలు ఆ అంకెని చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా నా జీను తీసుకుని ఇంకో గుర్రం దగ్గరికి నడిచింది. పక్కన నిలబెట్టి చూశాను, రెంటి మూపూ ఒకటే ఎత్తు. గొంతుక్కూర్చుని కొత్తదాని ముంగాలు మోకాలి కింద గుప్పిట్లో పట్టుకున్నాను. వేళ్ల మధ్య చాలా సందు మిగిలింది.